పదిహేడో సెల్

నా సంచీలో ఎప్పుడూ ఒక పాత లాగ్‌బుక్ ఉంటుంది. అట్ట చినిగిపోయింది, ఒక మూల యాసిడ్ పడి కాగితం పొడిపొడిగా రాలుతోంది. టెలికాం సైట్‌లో, బ్యాటరీల దగ్గర ఉండాల్సిన పుస్తకం అది. అక్కడ కొత్తది పెట్టి దీన్ని నేను తెచ్చేసుకున్నాను. అందులో ఒక పేజీలో నా చేతిరాతతో 24 అంకెలున్నాయి, 24 బ్యాటరీ సెల్స్ వోల్టేజీలు. 2.25, 2.26, 2.25, 2.24... అలా కిందిదాకా. పదిహేడో వరుసలో 2.26. చివర "అన్నీ సవ్యం" అని రాసి సంతకం పెట్టాను.

ఆ సంతకం పెట్టిన పదకొండో రోజు రాత్రి ఆ సైట్ పడిపోయింది.

ముందే చెప్పేస్తాను, అవి కాపీ కొట్టిన అంకెలు కావు. కాపీ కొట్టిన పేజీలు కూడా నా జీవితంలో ఉన్నాయి, వాటి సంగతి తర్వాత. ఈ పేజీ మాత్రం నిజాయితీగా, మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో సెల్‌కీ మీటర్ పెట్టి రాసింది. నా బాధంతా అదే.

రాత్రి రెండుంబావుకి కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్ వచ్చింది. మెయిన్స్ పోయింది, సైట్ డౌన్.

"బ్యాటరీ ఉంది కదండీ" అన్నాను నిద్రమత్తులో.

"ఉంటే మీకెందుకు ఫోన్ చేస్తాం సార్" అంది అవతలి గొంతు.

ఆ సైట్‌లో ఉన్నది ఒకే బ్యాంకు, అంటే వరసగా కట్టిన సెల్స్ గుంపు, 400 ఆంపియర్ అవర్‌ది. లోడ్ దాదాపు 40 ఆంపియర్లు. కాగితం మీద పది గంటలు రావాలి. నాలుగేళ్ల బ్యాంకు కాబట్టి ఏ తొమ్మిదో, ఎనిమిదిన్నరో వస్తే సరిపెట్టుకుంటాం. వచ్చింది పదకొండు నిమిషాలు. జనరేటర్ దానంతటది స్టార్ట్ కావాలి, కాలేదు. దాన్ని స్టార్ట్ చేసే 12 వోల్టుల బ్యాటరీ చచ్చిపోయి ఉంది. అది వేరే ఏడుపు. ఇంత పెద్ద బ్యాంకుల్ని కనిపెట్టుకుని తిరిగే మేం ఆ చిన్న బ్యాటరీని మర్చిపోవడం మా వృత్తిలో ఉన్న పాత జబ్బు.

ఈ పని తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. టెలికాం పరికరాలు మైనస్ 48 వోల్టుల డీసీ మీద నడుస్తాయి. మైనస్ ఎందుకంటే పాజిటివ్ వైపుని భూమికి కలుపుతారు. అలా చేస్తే నేలలో పరిచిన రాగి తీగలు తేమకి తినేసుకుపోవడం తగ్గుతుందని టెలిగ్రాఫ్, టెలిఫోన్ల తొలినాళ్లలోనే గమనించారు, ఆ అలవాటు ఇప్పటికీ ఉంది. మెయిన్స్ కరెంటుని రెక్టిఫయర్లు డీసీగా మారుస్తాయి. ఆ డీసీ లైన్‌ని బస్ అంటాం, దాని మీదే 24 లెడ్ యాసిడ్ సెల్స్ వరసగా కట్టి ఉంటాయి, ఒక్కోటి 2 వోల్టులు. రెక్టిఫయర్ ఇచ్చేది 54 వోల్టులు, అంటే సెల్‌కి 2.25. దీన్ని ఫ్లోట్ అంటాం. కరెంటు పోయిన క్షణంలో స్విచ్ ఏదీ మారక్కర్లేదు, బ్యాటరీ అప్పటికే లైన్లో ఉంటుంది కాబట్టి లోడ్ దాని మీదకి వస్తుంది. పరికరానికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. తెలియకూడదు.

చిన్న జనరేటర్ వేసుకుని నేను చేరేసరికి తెల్లవారుజాము నాలుగు. రెక్టిఫయర్లు లేచాయి, సైట్ లేచింది, బస్ మీద 54 వోల్టులు. క్లాంప్ మీటర్ వేస్తే బ్యాటరీలోకి కరెంటు సున్నా. అప్పుడే డిశ్చార్జ్ అయిన బ్యాంకు కరెంటు గుంజాలి కదా. ఇది నయాపైసా తీసుకోవట్లేదు. సెల్ సెల్‌కీ మీటర్ పెడుతూ వెళ్లాను. 2.12, 2.12, 2.11... పదిహేడు దగ్గర మీటర్ 5.2 చూపించింది.

రెండు వోల్టుల సెల్ మీద అయిదు వోల్టులు! ప్రోబ్ తీసి మళ్లీ పెట్టాను, మళ్లీ అదే. ఒక్క నిమిషం ఆలోచిస్తే విషయం అర్థమైంది. సెల్ లోపల దారి తెగిపోయింది. మిగతా 23 సెల్స్ తమ సొంత వోల్టేజీ దగ్గర ఆగిపోయాయి, రెక్టిఫయర్ ఇచ్చే 54లో మిగిలినదంతా ఆ తెగిన చోట వచ్చి కూర్చుంది.

బ్యాటరీ ఫ్యూజ్ తీసి బ్యాంకుని విడదీశాను. ఉంగరం, వాచీ జేబులోకి. టేపు చుట్టిన స్పానర్‌తో పదిహేడుకి రెండు వైపులా పక్క సెల్స్‌తో కలిపే లింకులు విప్పి, పదహారు నుంచి పద్దెనిమిదికి ఒక కేబుల్ వేశాను. లింకులు విప్పకుండానే సెల్‌కి అడ్డంగా కేబుల్ వేసే ధైర్యవంతుల్ని చూశాను, అలాంటి పని చేయొద్దు. ఆ సెల్‌లో ప్రాణం ఏమాత్రం మిగిలి ఉన్నా అది షార్ట్ సర్క్యూట్ అవుతుంది. తర్వాత రెక్టిఫయర్ ఫ్లోట్‌ని 51.75కి దించాను, అంటే 23 ఇంటూ 2.25. అది మర్చిపోతే మిగతా 23 సెల్స్ ఓవర్‌ఛార్జ్ అవుతాయి. ఆరు గంటలకి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

అప్పుడు ఆ లాగ్‌బుక్ తీశాను. పదిహేడో సెల్, 2.26. పదకొండు రోజుల కిందట.

ఆ సెల్‌ని తర్వాత పాత బ్యాటరీలు విప్పేచోట జాగ్రత్తగా కోయించి చూశాను. ప్లేట్లన్నిటినీ పైన కలిపే సీసపు పట్టీ ఒకటుంటుంది, స్ట్రాప్ అంటాం. నెగటివ్ వైపు స్ట్రాప్ తెల్లగా, సున్నం పెచ్చులా ఉంది. వేలితో నొక్కితే పొడైంది. విరిగిన చోట ఒక అంచున మాత్రం కరిగి గడ్డకట్టిన మెరుపు. ఆ చివరి రోజుల్లో 400 ఆంపియర్ అవర్ల సెల్ మొత్తం పెన్సిల్ ముక్కంత మందం కూడా లేని ఆ కాస్త సీసం మీద వేలాడిందన్నమాట.

మరి మీటర్‌కి ఎందుకు దొరకలేదు? ఆ రోజు మెట్ల మీదే సిగరెట్ పెట్టె వెనక లెక్క వేశాను (సిగరెట్లు తర్వాత మానేశాను, లెక్క మానలేదు). ఆ స్ట్రాప్ వల్ల 20 మిల్లీఓమ్‌ల అదనపు నిరోధం వచ్చిందనుకుందాం. మంచి సెల్ మొత్తం లోపలి నిరోధమే అర మిల్లీఓమ్ ఉండదు, కాబట్టి ఇది ఘోరమైన జబ్బే. ఫ్లోట్‌లో ఉన్నప్పుడు ఆ బ్యాంకులోకి పోయే కరెంటు పావు ఆంపియర్. పావు ఇంటూ 20 మిల్లీఓమ్‌లు, 5 మిల్లీవోల్టులు. 2.255 చూపించే చోట 2.260 చూపిస్తుంది. నా మీటర్‌కీ, నా కళ్లకీ అది తేడానే కాదు. అదే సెల్ మీద 40 ఆంపియర్ల లోడ్ పడితే? 0.8 వోల్టు ఆ ఒక్కచోటే పోతుంది. 32 వాట్ల వేడి, అది కూడా పెన్సిల్ ముక్కంత సీసంలో. పదకొండు నిమిషాలు ఓర్చుకుంది పాపం, తర్వాత కరిగిపోయింది. లోపల హైడ్రోజన్ ఉంటుంది, అలా తెగేటప్పుడు నిప్పురవ్వ పుడుతుంది, సెల్ మూత ఎగిరిపోయిన సందర్భాలు ఈ వృత్తిలో ఉన్నాయి. అది జరగలేదు, అదొక్కటే అదృష్టం.

గోడకి ఆనుకుని నిల్చున్న మనిషిని చూసి కాళ్లలో సత్తువ ఉందని రాసేసినట్టు నేను చేసిన పని. ఫ్లోట్‌లో మీటర్ చూపించేది రెక్టిఫయర్ బలం. పైన పటారం, లోన లొటారం. 54ని 24తో భాగిస్తే 2.25 రాక ఏమొస్తుంది? ఫ్లోట్ రీడింగులు శుద్ధ దండగ అనట్లేదు. ప్లేట్లు షార్ట్ అయిన సెల్ 2.0 దగ్గరకి పడిపోతుంది, మొత్తం 54 కాబట్టి దాని వాటా మిగతావాళ్లు పంచుకుంటారు. అందుకే సగటు చూడటం కాదు, ఎక్కువకీ తక్కువకీ మధ్య ఎడం చూడాలి. కానీ స్ట్రాప్ తినేయడం, లోపల ఎండిపోవడం లాంటివి ఆ అంకెల్లో కనిపించవు.

ఆ తర్వాత నేను మొండిపట్టు పట్టి సాధించుకున్నది నిరోధం కొలిచే మీటర్. కొన్ని కండక్టెన్స్ చూపిస్తాయి, కొన్ని ఇంపెడెన్స్, కొన్ని నేరుగా మిల్లీఓమ్‌లు. వాల్వు ఉన్న సీల్డ్ బ్యాటరీల మెయింటెనెన్స్ మీద ఐ ట్రిపుల్ ఈ అనే ఇంజనీర్ల సంస్థది 1188 అనే పత్రం ఉంది, అందులోనూ ఈ కొలతలున్నాయి. దీనిలో కిటుకు ఏమిటంటే, ఒక్కసారి తీసిన రీడింగ్‌కి పెద్దగా అర్థం లేదు. 0.6 మంచిదా చెడ్డదా అని ఫోన్ చేసి అడుగుతారు. పెట్టిన కొత్తలో ఎంత ఉండేది అని నేను అడుగుతాను. అవతల నిశ్శబ్దం. బ్యాంకు పెట్టి, పూర్తిగా ఛార్జ్ అయి, కొన్ని నెలలు స్థిరపడ్డాక తీసిన రీడింగే దానికి పుట్టుమచ్చ. దానికన్నా 20 శాతం పెరిగితే నేను కన్నేసి ఉంచుతాను, 50 శాతం దాటితే ఆ సెల్‌ని నమ్మను. ప్రోబ్ సీసపు పోస్ట్, అంటే సెల్ టెర్మినల్ మీదే పెట్టాలి, బోల్టు తల మీద పెడితే బోల్టు బిగింపునే కొలిచినట్టు. ఒక కంపెనీ మీటర్‌తో తీసిన అంకెని ఇంకో కంపెనీ మీటర్ అంకెతో పోల్చొద్దు, వాటి కొలిచే పద్ధతులే వేరు.

మీటర్ కొనిపించలేనివాళ్లకి ఇంకో దారి ఉంది, అది ఉచితం. కరెంటు పోయిన ప్రతిసారీ బ్యాటరీకి ఒక పరీక్ష జరిగినట్టే. కంట్రోల్ రూమ్‌లో బస్ వోల్టేజీ రికార్డు ఎలాగూ పడుతూ ఉంటుంది. మెయిన్స్ పోయాక ఒక నిమిషానికి ఎంత, పది నిమిషాలకి ఎంత, అరగంటకి ఎంత అని ఒక పట్టికలో రాసుకుంటూ పోతే చాలు. లోడ్ సుమారు ఒకేలా ఉంటే ఆ అంకెలు కూడా ఒకేలా ఉండాలి. పదిహేడో సెల్ తెగిన తర్వాత నేను వెనక్కి వెళ్లి ఆ సైట్ రికార్డు తీయించాను. మూడు వారాల ముందు నాలుగు నిమిషాల పాటు కరెంటు పోయి వచ్చింది. అంతకు ముందెప్పుడు పోయినా మొదటి నిమిషంలో 49.9 దగ్గర నిలిచే వోల్టేజీ, ఆ రోజు 49.1కి దిగింది. 0.8 వోల్టు తేడా. అంటే బ్యాంకు మూడు వారాల ముందే చెప్పింది. స్క్రీన్ మీద మాత్రం అన్నీ పచ్చగానే ఉన్నాయి, ఎందుకంటే అలారం పెట్టింది 47 దగ్గర.

అసలైన పరీక్ష డిశ్చార్జ్ టెస్టే. దీనంటే అందరికీ భయం, నాకూ టెన్షన్ పోలేదు. పనిచేస్తున్న సైట్‌లో కావాలని బ్యాటరీ ఖాళీ చేయడమంటే గుండె దిటవు కావాలి. నేను మెయిన్స్ ఆపను. రెక్టిఫయర్ వోల్టేజీని 46కి దించేస్తాను. బస్ మీద బ్యాటరీయే ఎక్కువ వోల్టేజీలో ఉంది కాబట్టి లోడ్ దాని మీదకి పోతుంది. మధ్యలో ఏ సెల్ అయినా చేతులెత్తేస్తే వోల్టేజీ 46కి రాగానే రెక్టిఫయర్లు అందుకుంటాయి. చివరిదాకా, అంటే సెల్‌కి 1.80, మొత్తం 43.2 దాకా దించే పూర్తి టెస్టు కావాలంటే వేరే బ్యాంకో, తోడుగా జనరేటరో ఉండాలి. దాని స్టార్టింగ్ బ్యాటరీ చూసుకుని మరీ. టెస్టుకి ముందు బ్యాంకు కనీసం మూడు రోజులు ఏ ఆటంకం లేకుండా ఫ్లోట్‌లో ఉండాలి. లేకపోతే సగం నిండిన కుండలో నీళ్లు కొలిచి కుండ చిన్నదన్నట్టే.

మొదటి అయిదు నిమిషాలు ఒక వింత జరుగుతుంది. లోడ్ పడగానే వోల్టేజీ ఒక్కసారి కిందికి జారి, మళ్లీ దానంతటదే కాస్త పైకి లేచి, అప్పుడు నింపాదిగా దిగడం మొదలుపెడుతుంది. ఫ్రెంచివాళ్లు దీనికి కొరడా దెబ్బ అని పేరు పెట్టారు. బాగా ఛార్జ్ అయిన లెడ్ యాసిడ్ సెల్స్‌లో ఇది మామూలే. మాతో కొత్తగా చేరిన తమ్ముడు మొదటి టెస్టులో అది చూసి "అన్నా, పోతోంది అన్నా, ఆపేద్దాం" అని రెక్టిఫయర్ మీద చెయ్యి వేశాడు. చెయ్యి పట్టుకుని రెండు నిమిషాలు ఆపాను. లేచింది. వాడి మొహం చూడాలి.

టెస్టు సాగుతున్నప్పుడు సెల్ వోల్టేజీలు తీయడంలోనే అసలు మజా. మొదట్లో గంటకోసారి తీసినా, చివర్లో పావుగంటకోసారి తీయాలి. బలహీనమైన సెల్ ముందు కొంచెం వెనకబడుతుంది, తర్వాత గబగబా జారుతుంది. ఒకసారి అందరూ 1.93 దగ్గరుంటే ఒకటి 1.71, పది నిమిషాల తర్వాత 0.9, ఇంకాసేపటికి మీటర్‌లో మైనస్ గుర్తు. మిగతా సెల్స్ తోసే కరెంటు దాన్ని తలకిందులు చేసేసింది. అది ఇక శక్తినిచ్చేది కాదు, తినేది. మొత్తం కెపాసిటీ, ఉష్ణోగ్రతకి సరిచేశాక, 80 శాతం కన్నా తక్కువ వస్తే బ్యాంకు మార్చేయాలి. ఇంకా 80 శాతం ఉంది కదా అని వాదించే మేనేజర్లుంటారు. ఆ 80 తర్వాత పడిపోయేది మెట్లు దిగినట్టు కాదు, గోడ దూకినట్టు.

ఇక వేడి. ఏళ్లు గడిచేకొద్దీ నాకు తెలిసొచ్చింది, బ్యాటరీలని చంపేవాటిలో కరెంటు కోతల కన్నా వేడిదే పెద్ద చెయ్యి. 25 డిగ్రీలకి లెక్కకట్టిన ఆయుష్షు 35 దగ్గర సుమారు సగమవుతుంది. అందుకే వేడి పెరిగితే ఫ్లోట్ వోల్టేజీ తగ్గాలి, సెల్‌కి డిగ్రీకి 3 మిల్లీవోల్టుల చొప్పున. రెక్టిఫయర్ కంట్రోలర్ ఆ పని దానంతటదే చేస్తుంది, దానికో చిన్న సెన్సర్ తీగ ఇస్తారు. ఆ తీగని మధ్య వరసలో ఒక సెల్ నెగటివ్ పోస్ట్‌కి బిగించాలి. నేను చూసిన సైట్లలో అది ఎక్కడ దొరికిందో చెబితే నవ్వుతారు. ఒకచోట చుట్టచుట్టి రెక్టిఫయర్ ర్యాక్ వెనక, వేడిగాలి కొట్టేచోట. ఇంకోచోట సరిగ్గా ఏసీ గాలి కింద. ఆ రెండోది ఎక్కువ ప్రమాదం. సెన్సర్ 18 డిగ్రీలంటుంది, సెల్స్ నిజంగా ఉన్నది 31లో. తేడా 13 డిగ్రీలు, 24 సెల్స్, 3 మిల్లీవోల్టులు. 0.94 వోల్టు అదనంగా తోసేస్తోంది. ఆ అదనపు వోల్టేజీకి ఫ్లోట్ కరెంటు పెరుగుతుంది, కరెంటుకి వేడి పెరుగుతుంది, వేడికి మళ్లీ కరెంటు. ఉబ్బిపోయిన పెట్టెలు, కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే గది తలుపు తీసినవాడికి ఆ చక్రం ఎక్కడ ముగుస్తుందో తెలుసు. నేను ఒక్కసారే తీశాను, వెంటనే వెనక్కి తగ్గి గాలి ఆడనిచ్చి బయటినుంచి బ్రేకర్ దించాను.

"మెయింటెనెన్స్ ఫ్రీ" అని పెట్టె మీద రాసినవాడు దొరికితే నాకో మాట ఉంది. నీళ్లు పోయనక్కర్లేదు, అంతవరకే దానర్థం. నాకు పని నేర్పిన పెద్దాయన రోజుల్లో సెల్స్ పారదర్శకంగా ఉండేవి. ప్లేట్లు కనిపించేవి, అడుగున పేరుకునే మట్టి కనిపించేది, యాసిడ్ సాంద్రత, అంటే గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్ ముంచితే ప్రతి సెల్ తన కథ తాను చెప్పేది. ఆయన దూరం నుంచి చూసి "ఆ ఆరోది నీరసంగా ఉందబ్బాయ్" అనేవారు, నిజంగానే దాని గ్రావిటీ తక్కువుండేది. ఇప్పుడున్నవి నల్ల డబ్బాలు. లోపలేముందో చూపించవు కాబట్టి మనం చూడటం మానేశాం.

మిగతావి గబగబా చెప్పేస్తాను. లింకుల బోల్టులు తయారీదారు చెప్పిన టార్క్‌కే బిగించాలి, సీసం మెత్తన, బలం చూపిస్తే పోస్ట్ తిరిగిపోతుంది. లోడ్ మీద ఉన్నప్పుడు థర్మల్ కెమెరాతో ఒక్కసారి చూస్తే వదులైన జాయింటు దీపంలా వెలుగుతుంది. చిలుము పట్టిన చోట తుడిచి వదిలేయడం కాదు, పోస్ట్ సీలు దగ్గర యాసిడ్ ఎక్కడినుంచి పాకుతోందో వెతకాలి. ముసలి బ్యాంకులో ఒకే ఒక్క కొత్త సెల్ పెట్టడం నాకు ఇష్టం ఉండదు, రెండు మూడేళ్ల లోపు బ్యాంకైతే సరే.

లిథియం వచ్చింది కదా, ఇవన్నీ ఇంకెందుకు అంటారు. వచ్చింది, బాగుంది, తేలిక, వేడికి కాస్త ఓర్చుకుంటుంది, ప్రతి సెల్‌నీ లోపలి బీఎంఎస్, అంటే బ్యాటరీని కనిపెట్టుకునే సర్క్యూట్, చూసుకుంటుంది. కానీ దాని వోల్టేజీ గీత బల్లపరుపు. 80 శాతంలోనూ 30 శాతంలోనూ దాదాపు ఒకే అంకె. వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పడం ఇక కుదరదు, బీఎంఎస్ లెక్కనే నమ్మాలి, ఆ లెక్క అప్పుడప్పుడూ పూర్తిగా ఛార్జ్, డిశ్చార్జ్ చేస్తే తప్ప దారిలో ఉండదు. డిశ్చార్జ్ టెస్టు తప్పించుకుందామనుకున్నవాళ్లకి అక్కడా తప్పలేదు.

కాపీ కొట్టిన పేజీల సంగతి చెబుతానన్నాను కదా. ఉద్యోగం కొత్తలో, చీకటిపడుతుంటే, ఇంకో సైట్ మిగిలి ఉంటే, గుమ్మంలో నిలబడే 24 వరసలూ నింపేశాను, ఒకసారి కాదు. అక్కడక్కడా 2.24, 2.27 కలిపేవాణ్ణి, నిజంలా ఉండాలని. పెద్దాయన ఆ పేజీ చూసి ఏమీ అనలేదు. ఎదురుగా కూర్చుని గది ఉష్ణోగ్రత గడి మీద వేలు పెట్టారు. అది నేను ఖాళీగా వదిలేశాను. "సెల్స్ చూశావు, గోడకున్న థర్మామీటర్ చూడలేదా?" అని మాత్రం అడిగారు. ఇప్పుడు ఆ తమ్ముడు పుస్తకం తెచ్చినప్పుడు నేను కూడా ముందు ఆ గడే చూస్తాను. వాడికిది తెలుసు. ఆ గడి తప్పకుండా నింపుతాడు. కాబట్టి ఇప్పుడు నేను వేరే గడి చూస్తున్నాను, అదేదో ఇక్కడ రాయను, వాడు ఇది చదువుతాడు.

ఆ సైట్‌లో ఇప్పుడు రెండు బ్యాంకులున్నాయి, చెరో 300 ఆంపియర్ అవర్లు. ఒకదాంట్లో సెల్ తెగినా రెండోది మోస్తుంది. పోయిన నెల కొలిచాను. మొదటి బ్యాంకు పదిహేడో సెల్ పెట్టిన కొత్తలో 0.58 మిల్లీఓమ్‌లు, ఇప్పుడు 0.60. రెండో బ్యాంకులో తొమ్మిదోది 0.57 నుంచి 0.69కి వచ్చింది. ఫ్లోట్‌లో 2.25 చూపిస్తోంది. వచ్చే వారం దానికి లోడ్ టెస్టు పెట్టాను.